పెళ్లి బ్యాండు సాక్సోఫోన్ మీద పరిశోధన: "రచనలు లేవు" అని తిప్పి పంపారు, ఏమి చేయాలి?

ఋషికుల్య_వాణి
సంగీతంలో పరిశోధనకు దరఖాస్తు పెట్టాను. అంశం ఒడిశాలోని గంజాం, గజపతి, రాయగడ జిల్లాల పెళ్లి బ్యాండ్లలో సాక్సోఫోన్ వాయించే పద్ధతి. కమిటీ తిప్పి పంపింది. ఈ వాద్యానికి ఇక్కడ కాగితం మీద ఉన్న రచనలేవీ లేవు, రచనలే లేనప్పుడు వాదన పద్ధతిని దేని మీద నిలబెట్టి చూస్తారు అన్నది వాళ్ల ప్రశ్న. పాశ్చాత్య రచనలు తీసుకోండి, లేదంటే సాక్సోఫోన్ మీద కర్ణాటక సంగీతం వాయించిన కద్రి గోపాల్‌నాథ్ కచేరీలు తీసుకోండి, బ్యాండ్లను వదిలేయండి అని సలహా కూడా ఇచ్చారు.

నాకు కోపం వచ్చింది. బరంపురంలో ఊరేగింపు వెళ్తుంటే ఆల్టో సాక్సోఫోన్ వాయించే పెద్దవాళ్లు కొందరు గాంధారాన్ని ఊపే తీరు నేను ఏ కచేరీలోనూ వినలేదు, ఏ పాఠ్యపుస్తకంలోనూ చూడలేదు. అది పరిశోధనకు పనికిరాదంటే ఎలా ఒప్పుకోను? కమిటీకి ఏమని జవాబు రాయాలో, అంశాన్ని ఎలా నిలబెట్టాలో తెలిసినవారు చెప్పండి.

రాయగడ_రైలుబండి
ముందుగా ఒక మాట. మీరు బ్యాండ్లను వదలకండి.

విజయనగరం_వీణ
నేను కమిటీ పక్షాన మాట్లాడతాను, కోప్పడకండి. బ్యాండులో వాయించేది సినిమా పాట. పాట ఎవరో కట్టారు, వాద్యాల అమరిక ఇంకెవరో చేశారు, బ్యాండు మాస్టారు దాన్ని విని దించుకున్నాడు. అందులో వాద్యానికి సొంతమైన రచన ఏది? అదే గోపాల్‌నాథ్‌ను చూడండి. నాదస్వర విద్వాంసుల ఇంట పుట్టి, చిన్నప్పుడు మైసూరు ప్యాలెస్ బ్యాండులో సాక్సోఫోన్ చూసి మనసు పారేసుకుని, ఆ వాద్యంతో కీర్తన పలికించడానికి ఏళ్లు వెచ్చించారు. 1994లో లండన్ రాయల్ ఆల్బర్ట్ హాలులో బీబీసీ ప్రామ్స్ సంగీతోత్సవంలో వాయించారు. 2004లో పద్మశ్రీ. 2019లో పోయారు. రికార్డింగులు బోలెడు, శిష్యులున్నారు, రాగం, కృతి, నెరవు, స్వరకల్పన అన్నీ ఉన్నాయి. పరిశోధనకు ఇంతకంటే గట్టి నేల ఎక్కడ దొరుకుతుంది?

గుణుపురం_మేనల్లుడు
వీణ గారూ, ఆయన మనసు పారేసుకున్నది ఎక్కడన్నారు? బ్యాండులోనే కదా.

రాయగడ_రైలుబండి
భలే పట్టుకున్నారు.

పర్లాకిమిడి_పాతపెట్టె
కమిటీకి మీరు ఇవ్వవలసిన జవాబు సాక్సోఫోన్ సొంత చరిత్రలోనే ఉంది. కొంచెం పెద్దగా రాస్తాను.

అడాల్ఫ్ సాక్స్ 1814లో బెల్జియంలోని దినాంలో పుట్టాడు. 1846లో పారిస్‌లో సాక్సోఫోన్‌కు పేటెంటు తీసుకున్నాడు. దాన్ని ముందు అక్కున చేర్చుకున్నది ఫ్రెంచి సైనిక బ్యాండ్లు, సింఫనీ వాద్యబృందాలు కావు. పారిస్ కన్సర్వేటరీలో సాక్స్ 1857 నుంచి సైనిక వాద్యకారులకు పాఠం చెప్పాడు. 1870లో ప్రష్యాతో యుద్ధం వచ్చి ఆ తరగతి మూతపడింది. మళ్లీ తెరిచింది 1942లో, మార్సెల్ మ్యూల్ ఆచార్యుడిగా వచ్చినప్పుడు. మధ్యలో డెబ్బై ఏళ్లకు పైగా ఆ పెద్ద విద్యాలయంలో ఈ వాద్యానికి చోటే లేదు. అంతకాలం దాన్ని బతికించింది ఎవరు? బ్యాండ్లు, సర్కస్ మేళాలు, నాట్యశాలలు, తర్వాత జాజ్ వాళ్లు.

ఇక "రచనలు" అన్న మాటకు వద్దాం. ఇప్పుడు కచేరీ సాక్సోఫోన్‌కు ప్రాణం అని చెప్పుకునే గ్లాజునోవ్ కాన్సెర్టో 1934 నాటిది, ఇబెర్ రచన 1935 నాటిది. రెండూ సిగుర్డ్ రాషర్ అనే ఒక్క వాద్యకారుడి కోసం రాసినవే. అంటే వాయించే మనిషి ముందు వచ్చాడు, కాగితం తర్వాత వచ్చింది. దెబ్యుస్సీ రాప్సోడీ కథ ఇంకా వింత. బోస్టన్‌లో ఎలీజ్ హాల్ అనే ఆవిడ చెవి జబ్బు కారణంగా ఊదే వాద్యం పట్టి, సొంత డబ్బుతో స్వరకర్తల చేత సాక్సోఫోన్ రచనలు రాయించింది. దెబ్యుస్సీ డబ్బు తీసుకుని ఏళ్ల తరబడి నాన్చాడు. చివరికి ఆయన పోయాక, 1919లో, రోజే దుకాస్ దాన్ని వాద్యబృందానికి అమర్చి పూర్తి చేశాడు.

ఈ వాద్యానికి రచనల పట్టిక తయారు చేయడానికే జాన్ మారీ లాందే జీవితంలో పెద్ద భాగం పెట్టాడు. 1844 నుంచి 2003 వరకు ఆయన గ్రంథంలో 18 వేలకు పైగా రచనలు ఎక్కాయి. అది గొప్ప పని, కాదనను. కానీ ఆ పద్ధతిలో అచ్చయిన కాగితం ఉంటేనే రచనకు లెక్క. మన జిల్లాల్లో అచ్చు లేదు. అందుకని వాయింపు లేదనగలమా?

ఋషికుల్య_వాణి
పాతపెట్టె గారూ, 1870, 1942 సంగతి నాకు చాలా పనికొస్తుంది. జవాబు మొదటి పేరా దానితోనే మొదలుపెడతాను.

విజయనగరం_వీణ
చరిత్ర బాగుంది. నా ప్రశ్న మాత్రం అక్కడే ఉంది. రాషర్ కోసం గ్లాజునోవ్ రాశాడు. బరంపురం బ్యాండు మాస్టారి కోసం ఎవరు రాశారు?

జయపురం_చెరువుగట్టు
ఎవరూ రాయనక్కర్లేదు. కోరాపుట్ వైపు ధెమ్సా ఆటకు మొహురీ (సన్నాయి లాంటి వాద్యం) ఊదేవాళ్లకు ఎవరు రాశారు? ఏ అడుగుకు ఏ వరుస అన్నది ఆడేవాళ్లకూ తెలుసు, ఊదేవాళ్లకూ తెలుసు. అది రచనల భాండారం కాదంటే ఇంకేది?

రాయగడ_రైలుబండి
వీణ గారూ, సినిమా పాటలు కదా అని తేలిగ్గా తీసేశారు. మా వైపు బ్యాండులో ఏ పాట ఎప్పుడు వాయించాలన్నదానికి గట్టి క్రమం ఉంది. మగపెళ్లివారు దిగినప్పుడు ఒకటి, ఎదురుకోలుకు ఒకటి, ఊరేగింపు నాలుగు రోడ్ల కూడలికి చేరితే కుర్రాళ్లు ఎగరడానికి వేరే వరుస, గుడి ముందుకు రాగానే అన్నీ ఆపి భక్తిపాట. పెళ్లికొడుకు తెలుగువాడు, పెళ్లికూతురు ఒడియా అమ్మాయి అయితే రెండు వైపుల పాటలూ వంతులవారీగా రావాలి. ఒక వైపు ఎక్కువైతే పెద్దవాళ్లు మాస్టారిని పిలిచి మరీ అడుగుతారు. ఏ పాట పక్కన ఏ పాట శ్రుతి మార్చకుండా కలుస్తుందో మాస్టారికి నోటికి వచ్చు. పాట సినిమాది కావచ్చు. కూర్పు మాత్రం ఆయనదే.

పెళ్లికొడుకు ఏమి చదివాడని అడిగేముందు సాక్సోఫోన్ ఎవరు వాయిస్తున్నారని అడిగే ఇళ్లు మా వీధిలో ఉన్నాయి.

గుణుపురం_మేనల్లుడు
మా మేనమామ ఆల్టో వాయిస్తాడు. ఆయన దగ్గర నోటు పుస్తకాలు ఉన్నాయి. స్వరాలు ఒడియా లిపిలో, పాట మొదటి మాటలు తెలుగులో, పక్కన బాణం గుర్తులు. బాణం పైకి ఉంటే దవడ బిగించాలి, కిందికి ఉంటే వదలాలి. ఆ గుర్తులు ఆయనే పెట్టుకున్నాడు. రాతలో లేదని కమిటీ అన్నదట. రాత ఉంది, వాళ్లు చూడలేదు.

ఋషికుల్య_వాణి
మేనల్లుడు గారూ, ఆ పుస్తకాలు చూడనిస్తారా? నిజంగా అడుగుతున్నాను. దవడ గుర్తులు రాసిపెట్టుకున్న వాద్యకారుడు ఉన్నాడని తెలిస్తే నా అంశం మొత్తం మారిపోతుంది.

గుణుపురం_మేనల్లుడు
అడిగి చెబుతాను. ఆయనకు పుస్తకాలు బయటికి ఇవ్వడం ఇష్టం ఉండదు.

శబ్దతరంగం
భౌతికశాస్త్రం చెప్పుకునేవాడిని, కాబట్టి ఆ వైపు నుంచి. పెళ్లి మేళాల్లో సన్నాయి వాయించిన కుటుంబాలు క్లారినెట్ కంటే సాక్సోఫోన్‌కు తేలిగ్గా ఎందుకు అలవాటు పడతాయో చాలామంది గమనించరు.

సాక్సోఫోన్ గొట్టం శంకువు లాంటిది, ఒక కొస నుంచి ఇంకో కొసకు వెడల్పు పెరుగుతూ పోతుంది. సన్నాయి, నాదస్వరం గొట్టాలూ అంతే. ఇలాంటి గొట్టంలో స్థాయి పెంచితే స్వరం సరిగ్గా పై షడ్జానికి ఎగురుతుంది. క్లారినెట్ గొట్టం చాలావరకు ఒకే వెడల్పు, రీడు (ఊదే చోట కంపించే పలుచని పలక) ఉన్న వైపు మూసి ఉన్నట్టు ప్రవర్తిస్తుంది. అక్కడ స్థాయి పెంచితే పై షడ్జం దాటి దాని మీది పంచమానికి వెళ్తుంది. అందుకే క్లారినెట్‌లో కింది స్థాయికీ పై స్థాయికీ వేలుపట్టు వేరు. సాక్సోఫోన్‌లో బొటనవేలి మీట ఒకటి నొక్కితే చాలు, రెండు స్థాయులకూ దాదాపు అవే వేళ్లు. సన్నాయి చేతికి ఇది పరిచయమైన దారి.

శ్రుతి సంగతి కూడా చూడండి. ఆల్టోలో సి వేలుపట్టు వేస్తే వినబడేది ఈ ఫ్లాట్, మన లెక్కలో రెండున్నర శ్రుతి. ఆల్టో కంటే పెద్దదైన టెనర్ సాక్సోఫోన్‌లో అదే వేలుపట్టుకు బి ఫ్లాట్ వస్తుంది, అంటే ఆరున్నర. పెద్ద నాదస్వరం శ్రుతికి ఆల్టో దగ్గరగా కూర్చుంటుంది. మీ మాస్టర్లు ఏ వేలుపట్టును షడ్జంగా తీసుకుంటున్నారో ముందు రాసుకోండి. గమకం ఎక్కడ తేలిక, ఎక్కడ కష్టం అన్నది సగం దానితోనే తేలుతుంది.

సిరోంచ_గోదారి
మాది గడ్చిరోలి జిల్లా. మా వైపు కూడా ఇలాగే, తెలుగు, మరాఠీ పాటలు ఒకే ఊరేగింపులో కలిసి నడుస్తాయి. సాక్సోఫోన్ మాత్రం తగ్గింది, కీబోర్డు బండి ఎక్కింది. మీరు చేస్తున్న పని త్వరగా చేయండి.

విజయనగరం_వీణ
శబ్దతరంగం గారి వివరణ నచ్చింది. కానీ గమకం విషయంలో నా అనుమానం తీరలేదు. మీటలున్న వాద్యంతో గమకం పలకదనే కదా ఆకాశవాణి 1940 నుంచి 1971 వరకు హార్మోనియంను నిషేధించింది. గోపాల్‌నాథ్ పలికించారంటే అది అసాధారణ సాధన. బ్యాండువాళ్లు చేసేది గమకమా, ఉత్త ఊపా? రాగం తెలియకుండా స్వరాన్ని ఊపితే అది అలంకారం అవుతుంది తప్ప గమకం కాదు.

ఇచ్ఛాపురం_ఇవతలివాడు
హార్మోనియంనూ సాక్సోఫోన్‌నూ ఒకే గాటన కట్టడం కుదరదు. హార్మోనియం రీడు పెట్టె లోపల ఉంటుంది, వాయించేవాడి శరీరం దాన్ని తాకదు. సాక్సోఫోన్ రీడు కింది పెదవి మీదే కూర్చుంటుంది. మీట ఒక స్వరాన్ని చూపిస్తుంది, పెదవి దాన్ని కిందికో పైకో లాగుతుంది. వయొలిన్ విషయంలోనూ మొదట ఇలాగే అని ఉంటారు. బాలుస్వామి దీక్షితులు దాన్ని మన సంగీతంలోకి తెచ్చారు, మీ విజయనగరంలోనే ద్వారం వేంకటస్వామి నాయుడు గారు దాన్ని ఎక్కడికి తీసుకెళ్లారో మీకు నేను చెప్పాలా?

విజయనగరం_వీణ
ద్వారం వారి పేరు ఎత్తితే నేను తగ్గక తప్పదు. కానీ ఆయన రాగం తెలిసిన మనిషి.

శబ్దతరంగం
గమకమా ఊపా అన్నది వాదించి తేల్చనక్కర్లేదు, కొలవవచ్చు. ఇక్కడే అసలైన పరిశోధన ప్రశ్న ఉంది.

ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ విశ్వవిద్యాలయంలో జెర్ మింగ్ చెన్, జాన్ స్మిత్, జో వుల్ఫ్ కలిసి సాక్సోఫోన్ వాయించేవాళ్ల నోటి లోపల, గొంతులో ఏమి జరుగుతోందో వాయిస్తున్నప్పుడే కొలిచారు. 2008లో సైన్స్ పత్రికలో వచ్చింది. మామూలు స్థాయిలో గొంతు ఆకారం స్వరాన్ని పెద్దగా శాసించదు. మీటలకు అందని అతి తారస్థాయిలో మాత్రం అనుభవమున్న వాద్యకారులు తమ నోటి కుహరం ప్రతిధ్వనిని ఆ స్వరానికి దగ్గరగా తెచ్చి నిలుపుతున్నారు. అది చేతకానివాళ్లు వేలుపట్టు ఎంత సరిగ్గా పెట్టినా ఆ స్వరాలు పలికించలేకపోయారు. 2011లో వాళ్లే స్వరాన్ని వంచడం, ఒకేసారి రెండు మూడు స్వరాలు పలికించడం లాంటి వాటినీ ఇదే పద్ధతిలో చూశారు. అక్కడా గొంతు పనిచేస్తోంది.

ఇప్పుడు మీ బ్యాండు మాస్టారి గాంధారం సంగతి. ఆయన దాన్ని పెదవితో వంచుతున్నాడా, గొంతుతోనా, లేక మీటను సగం తెరిచి జారుస్తున్నాడా? మూడింటికీ ధ్వనిలో తేడా వస్తుంది, ముఖ్యంగా స్వరం మారే వేగంలోనూ నాదం రంగులోనూ. నోటి లోపల కొలిచే పరికరం మీకు అక్కర్లేదు. వేళ్ల మీద ఒక కెమెరా, దవడ మీద ఇంకొకటి, మంచి మైకు, శ్రుతిపెట్టె. ఆమ్‌స్టర్‌డామ్ వాళ్ల ప్రాట్, లండన్ క్వీన్ మేరీ వాళ్ల సోనిక్ విజువలైజర్, ధ్వనిని విశ్లేషించే ఈ రెండు సాఫ్ట్‌వేర్లూ ఉచితమే. ఒక్క వాద్యం ధ్వని అయితే స్వరం ఎక్కడం దిగడం ఒక గీతగా చక్కగా గీసి చూపిస్తాయి. ఫోనుతో రికార్డు చేస్తే ధ్వనిని దానంతట అదే పెంచి తగ్గించే ఏర్పాటు ఆపేయండి, లేకపోతే బలాబలాలు మాయమవుతాయి.

జయపురం_చెరువుగట్టు
ఒక్కడినే కూర్చోబెట్టి వాయించమంటే ఆయన వేరేగా వాయిస్తాడు. డప్పులు, డోళ్లు లేకుండా, ఎగిరే జనం లేకుండా అది ఊరేగింపు వాయింపే కాదు. నేను చూసిన మేళాల్లో డోలు వేగం పెరిగితే సాక్సోఫోన్ గమకం చిన్నదవుతుంది, వేగం తగ్గితే సాగుతుంది. గదిలో ఇది ఎలా పట్టుకుంటారు?

శబ్దతరంగం
డోలు పక్కన రికార్డు చేస్తే స్వరం గీత గందరగోళం అవుతుంది.

జయపురం_చెరువుగట్టు
గీత శుభ్రంగా రావడం కోసం వాయింపును చంపుకుంటామా?

ఋషికుల్య_వాణి
ఇద్దరి మాటా కావాలి. ఊరేగింపులో మైకును సాక్సోఫోన్ గంటకే (గొట్టం చివరి వెడల్పాటి నోటికే) తగిలించి ఒకటి, గదిలో ఒకటి, అదే పాట, అదే మనిషి. రెండింటి మధ్య తేడాయే ఒక అధ్యాయం అవుతుంది.

ఇచ్ఛాపురం_ఇవతలివాడు
మైకు గంటలో పెట్టకండి. సాక్సోఫోన్ కింది స్వరాలు మాత్రమే ఎక్కువగా గంట నుంచి వస్తాయి, మిగతావి తెరిచిన రంధ్రాల నుంచి కూడా బయటికి వస్తాయి. గంట అంచుకు కొంచెం పైన, మీటల వైపు చూసేలా తగిలించండి. నేను పెళ్లిళ్లకు మైకులు కట్టేవాడిని, ఇది చేసి చెబుతున్నాను.

పర్లాకిమిడి_పాతపెట్టె
ఇంకో ముఖ్యమైన సంగతి ఎవరూ ఎత్తలేదు. వాద్యం పరిస్థితి. మన వైపు తడి గాలికి మీటల కింది తోలు ప్యాడ్లు ఉబ్బుతాయి, గట్టిపడతాయి, గాలి కారుతుంది. గాలి కారే వాద్యంలో కింది స్వరాలు పలకవు. మనిషి దాన్ని దవడతో కొరికి, ఊపిరి పెంచి సరిచేసుకుంటాడు. కొన్నాళ్లకు అదే ఆయన శైలి అయిపోతుంది. పరిశోధకులు వచ్చి "బిగువైన పెదవి పట్టు ఈ ప్రాంతపు సంప్రదాయం" అని రాసేస్తారు. నాకు ఇది అసలు సహించదు. చీకట్లో గొట్టం లోపలికి చిన్న దీపం దింపి మీటలు మూసి చూడండి, ఏ ప్యాడు పక్క నుంచి వెలుగు వస్తే అక్కడ కారుతోంది. ప్రతి వాద్యానికీ ఇది చేసి రాసిపెట్టుకున్నాకే వాదన పద్ధతి గురించి మాట్లాడాలి.

గుణుపురం_మేనల్లుడు
ఇది అక్షరాలా నిజం. మామయ్య పాత వాద్యం ఇలాగే ఉండేది. ప్యాడ్లు మార్పించాక ఆయన నెల్లాళ్లు సరిగా వాయించలేకపోయాడు, దవడ బిగింపు తగ్గించుకోవడానికి అంత పట్టింది.

కానీ అక్కా, మీరంతా కెమెరా, గీత అంటున్నారు. ఆయనకు కావలసింది రీడ్లు. మంచి రీడు కోసం కలకత్తా నుంచో విశాఖ నుంచో తెప్పించుకోవాలి. బ్యాండుకు పిలుపులు తగ్గాయి. పరిశోధన వల్ల ఆయనకు ఏమిటి లాభం? నేను గట్టిగానే అడుగుతున్నాను.

ఋషికుల్య_వాణి
అడగవలసిన ప్రశ్నే తమ్ముడూ. ఆయన ఒక రోజు నా కోసం కూర్చుంటే ఆ రోజు పెళ్లికి వెళ్తే వచ్చే కూలి నేను ఇవ్వాలి. రికార్డింగుల ప్రతి ఆయనకే ముందు ఇస్తాను. నోటు పుస్తకం నా దగ్గర ఉంచుకోను, ఆయన ముందే ఫోటో తీసుకుంటాను, ఏ పేజీ అచ్చులో వద్దంటే ఆ పేజీ రాదు. ఆయన పేరు పెట్టాలా వద్దా అన్నదీ ఆయన ఇష్టం. ఇంతకు మించి పిలుపులు తెప్పించగలనని మాట ఇవ్వను.

రాయగడ_రైలుబండి
మూఢాలు, ఆషాఢం చూసుకుని వెళ్లండి. ముహూర్తాల్లో వెళ్తే ఎవరూ దొరకరు, దొరికినా పెదవులు వాచి ఉంటాయి.

విజయనగరం_వీణ
చాలా విన్నాను. నా అభిప్రాయం పూర్తిగా మారలేదు. రాగం తెలిసి వాయించడం వేరు, విని పట్టుకుని వాయించడం వేరు. కానీ పరిశోధన ప్రశ్నను ఇలా పెడితే నేనే కమిటీలో ఉన్నా ఒప్పుకుంటాను: "గంజాం, గజపతి, రాయగడ జిల్లాల బ్యాండు సాక్సోఫోన్‌లో స్వరాన్ని వంచే పద్ధతులు: పెదవి, గొంతు, మీట." రచనల గొడవ ముందుమాటలో తేల్చేయండి. పోలికకు గోపాల్‌నాథ్ రికార్డింగుల్లోంచి అదే రాగంలో ఒక కృతి తీసుకోండి. పక్కపక్కన రెండు గీతలు చూపిస్తే నాలాంటి మొండివాళ్లకు కూడా సమాధానం దొరుకుతుంది. గాంధారం ఊపు అన్నారు కదా, తోడిలో ఉన్న పాట దొరికితే వదలకండి.

ఋషికుల్య_వాణి
వీణ గారూ, మీ శీర్షికే కమిటీకి పంపుతున్నాను. తోడి గాంధారం సలహాకు ప్రత్యేకంగా కృతజ్ఞతలు.

శబ్దతరంగం
శ్రుతిపెట్టె ధ్వని వేరే దారిలో రికార్డు చేయండి, సాక్సోఫోన్ మైకులో పడనివ్వకండి. తర్వాత షడ్జం వెతుక్కోవలసిన పని ఉండదు.

గుణుపురం_మేనల్లుడు
మామయ్యతో మాట్లాడాను. ఆషాఢంలో రమ్మన్నాడు. పుస్తకం చూపిస్తాడట, బాణాలేమిటో వాయించి మరీ చెబుతాడట. ఒక్క షరతు. రికార్డు చేసింది తనే ముందు వినాలి, బాగా రానిది తీసేయమంటే తీసేయాలి.

ఋషికుల్య_వాణి
తప్పకుండా. ఏది ఎందుకు తీసేయమన్నారో మాత్రం రాసుకోనివ్వమని అడగండి. ఏది బాగా రాలేదని ఆయన అనుకుంటారో నాకు తెలియాలి.

గుణుపురం_మేనల్లుడు
దానికి ఒప్పుకున్నాడు. ఇంకొకటి, వచ్చేటప్పుడు ఆల్టో రీడ్లు తెస్తానంటే గట్టిదనం రెండున్నర నంబరువి తెమ్మన్నాడు, మూడు వద్దట.